మన పని గురించి మనం చెప్పుకోవడం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక నిలబడి తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. ఫోన్లు జేబులో పెట్టుకోమని నేను అనను. నాకిచ్చిన విషయమే ఫోను. "చిన్న వ్యాపారాలకు, ఉద్యోగాలకు సోషల్ మీడియా ఎట్లా పనికొస్తదో ఇరవై నిమిషాలల్ల చెప్పన్నా" అని సంఘం తమ్ముళ్లు అడిగిండ్రు. నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, మార్కెటింగ్ కాదు. అందుకని పుస్తకంలో ఉండేవి కాకుండా, నేను చేసిన తప్పులు, నా కళ్ల ముందు జరిగిన రెండు మూడు సంగతులు చెబుతాను.

మా తరానికి చిన్నప్పుడే ఒంటబట్టిన అలవాటు ఒకటుంది. తన గురించి తాను చెప్పుకోవడం సిగ్గు. క్లాసులో ఎవడైనా "సార్, నాకే ఎక్కువ మార్కులొచ్చినయ్" అంటే మా తెలుగు సారు "నీ డప్పు నువ్వే కొట్టుకుంటవారా, జర పక్కోనికి గూడ ఇయ్యి" అనేవారు. క్లాసంతా నవ్వేది. మంచి మాటే. కాని అదే ఊళ్లో, మూసీ కాలువకు నీళ్లు వదులుతున్నారంటే డప్పు చాటింపు జరిగేది. దాన్ని ఎవరూ గొప్పలనలేదు. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియకపోతే నారుమడి ఎండుతుంది గనుక, తింటున్న వాళ్లు కూడా చెయ్యి కడుక్కొని వాకిట్లోకొచ్చి విన్నారు. గొప్పలు చెప్పుకోవడం వేరు, పదిమందికి అక్కరకొచ్చే సంగతి చాటించడం వేరు. ఈ తేడా నాకు 49 ఏళ్లు వచ్చేదాకా తెలియలేదు.

2019లో నేను పనిచేస్తున్న కంపెనీ హైదరాబాదు యూనిట్‌ను మూసేసింది. మోటార్ల కంట్రోల్ ప్యానెళ్ల పనిలో అప్పటికి నాకు 25 ఏళ్ల అనుభవం. ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ ఎండాకాలం మన ఊళ్లో ఒక పెండ్లికి వచ్చాను. భోజనాల దగ్గర ఒక అన్న "ఇంకా అదే కంపెనీల్నేనా తమ్మీ?" అని అడిగితే "ఆ అన్నా, అండ్లనే" అన్నాను. ఆ అబద్ధం చెప్పి, పెరుగన్నం కలుపుకుంటూ కూర్చున్నాను. మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రోజూ గుడ్‌మార్నింగులు వస్తున్నాయి, నేను కూడా పూలబొమ్మలు పంపుతున్నాను. లింక్డ్‌ఇన్‌లో నాకొక ఖాతా ఉండేది. దాని పాస్‌వర్డు కూడా గుర్తులేదు. తెరిపించి చూస్తే, పదేళ్ల కింది ఫొటో, కింద "ఇంజనీర్" అని ఒక్క మాట. ఏ ఇంజనీరు, ఏం చేయగలడు, ఏమీ లేదు. అది చూసి నాకు పని ఇవ్వాలని ఎవరికైనా ఎందుకనిపిస్తుంది?

నాలుగు నెలలు గడిచాక, ఒక రాత్రి గ్రూపులో ఆరు లైన్లు రాశాను. కంపెనీ మూతబడింది, నేను ఖాళీగా ఉన్నాను, పంపుహౌస్‌ల ప్యానెళ్లు, స్టార్టర్లు తయారుచేయడం, బాగుచేయడం నా పని, ఎక్కడైనా అవసరముంటే చెప్పండి, ఇదీ నా నంబరు. అవే మాటలు లింక్డ్‌ఇన్‌లో కూడా పెట్టి, నేను చేసిన మూడు పెద్ద పనుల వివరం రాశాను. పంపే ముందు చాలాసేపు వేలు ఆ బాణం గుర్తు మీదే ఆగింది. మొదట పన్నెండు నమస్కారం బొమ్మలు వచ్చాయి. ఆ రాత్రి వాటిని చూస్తే ఏడుపొచ్చింది, నిజం చెబుతున్నా. మూడోరోజు ఒక జూనియర్ తమ్ముడు ఫోన్ చేశాడు. నా మెసేజును వాళ్లన్న అతనికి పంపాడట. "అన్నా, మా దగ్గర నాలుగు పంపుహౌస్‌ల ప్యానెళ్లు ఖరాబై ఉన్నయి, చేస్తవా?" అన్నాడు. అదే ఇప్పటి నా షాపుకు మొదటి పని. "ఉద్యోగం ఉంటే చూడండి" అని మాత్రమే రాసి ఉంటే ఆ ఫోను వచ్చేది కాదు. "పంపుహౌస్ ప్యానెల్" అన్న మాట ఉంది కాబట్టి, ఆ అవసరమున్న మనిషిదాకా అది పోయింది.

తర్వాత నకిరేకల్‌లో హైవే పక్కన ఒక షట్టరు కిరాయికి తీసుకున్నాను. అప్పుడు చేసిన తప్పు కూడా వినండి. మా అబ్బాయి ఫేస్‌బుక్ పేజీ తయారుచేసి పెట్టాడు. నీలం రంగు లోగో, "నాణ్యతే మా నినాదం" అని ఒక వాక్యం, ఎక్కడి నుంచో తెచ్చిన మెరిసే ఫ్యాక్టరీ ఫొటో. అయిదు వేలు పెట్టి ప్రకటన నడిపించాం. ఎక్కడ చూపించాలి, ఎవరికి చూపించాలి అన్నది సరిగా పెట్టుకోలేదు. మూడు వేల చిల్లర లైకులొచ్చాయి. ఫోను రెండుసార్లు మోగింది. ఒకాయన నన్నే ఉద్యోగం అడిగాడు. రెండో ఆయన నాకు ఇన్సూరెన్సు అమ్మబోయాడు.

ఆ వానాకాలం ఒక రైతు కాలిపోయిన బోరు మోటారు ఆటోలో వేసుకొచ్చాడు. ఆ ఏడు అది మూడోసారి కాలడం. ఆయన స్టార్టర్ బాక్సు తెప్పించి తెరిస్తే, ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికీ పడిపోతోందని ఎవరో దాన్ని తప్పించి వైరు కలిపేశారు. కాపలా కుక్క అరుస్తోందని దాని నోరు కట్టేసినట్టు. మా షాపు పిల్లగాడిని ఫోను పట్టుకొమ్మని, ఆ బాక్సు ముందరే నిలబడి మాట్లాడాను. "ఇగో అన్నా, మూడు ఫేజులల్ల ఒకటి పోయిందనుకో. మోటరు ఆగదు. మిగిలిన రెండు ఫేజుల మీదనే గుంజుకుంటది. కరెంటు ఎక్కువ తీసుకుంటది, వేడెక్కుతది, లోపల వైండింగు కాలుతది. దీనికి సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ అని చిన్న డబ్బ ఉంటది. రిలేను తీసెయ్యకు, సరిగ్గ సెట్ చేపిచ్చుకో." చివర్లో ఆ డబ్బా ధర, బిగించే కూలి, షాపు ఎక్కడుందో చెప్పాను. మొత్తం 50 సెకన్లు. వెనకాల లారీ హారన్లు వినపడుతున్నాయి. నా అంగీకి గ్రీజు ఉంది. నా దగ్గరున్న ముప్పై మంది రైతుల నంబర్లకు పంపాను. వారం తిరక్కముందే శాలిగౌరారం, తుంగతుర్తి, సూర్యాపేట దిక్కుల నుంచి ఫోన్లు.

కొందరు నా దగ్గర కొనలేదు. వీడియో చూసి, వాళ్ల ఊరి దగ్గరి షాపులోనే కొనుక్కున్నారు. అప్పుడు కొంచెం గుచ్చుకుంది. అందులో ఇద్దరు మరుసటి ఏడు ప్యానెల్ బోర్డు కోసం నా దగ్గరికే వచ్చారు, "నువ్వే గదా ఆ వీడియో సారు" అనుకుంటూ.

వారం అంగడిలో కూరగాయలు అమ్మే అవ్వను మనం అందరం చూశాం. ఆమె ఏం చేస్తుంది? సరుకు గుడ్డ పరిచి కళ్ల ముందు పోస్తుంది. ధర గట్టిగా చెబుతుంది. దోసకాయ చేదుందో లేదో కోసి చూపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, వచ్చే వారం మళ్లీ అదే చెట్టు కింద ఉంటుంది. పుచ్చు వంకాయ ఇస్తే వచ్చే వారం మనం పోయి అడగవచ్చు. ఫోన్లో వ్యాపారం చేసే మనవాళ్లు ఈ నాలుగూ మరిచిపోతున్నారు. చాలా పోస్టుల కింద "ధర కోసం ఇన్‌బాక్స్‌కు రండి" అని ఉంటుంది. నేనైతే అక్కడి నుంచి లేచిపోతాను. అంగడిలో అవ్వ "ధర చెవిలో చెబుతా, దగ్గరికి రా" అంటే పోతామా? ధర రాయండి. ఎక్కువైతే ఎందుకు ఎక్కువో రాయండి. ఎవరైనా కోపంగా కామెంటు పెడితే తుడిచేయకండి. అక్కడే, అందరి ముందే జవాబివ్వండి. నాకొకాయన "మీ ప్యానెల్ నెలకే పోయింది" అని రాశాడు. తుడిచేద్దామనే అనిపించింది. చివరికి "రేపు పొద్దున మీ బాయికాడికి వస్తా" అని రాసి, పోయి చూశాను. తప్పు మాదే, ఒక కాంటాక్టరు నాసిరకంది పడింది. మార్చి, ఆ సంగతి అక్కడే రాశాను. ఆ కామెంటు చదివి వచ్చిన గిరాకీ, నా లోగో తెచ్చినదానికంటే ఎక్కువ.

మన భాషలో, మన వేషంలో కనపడితే ఎవరు చూస్తారన్న అనుమానం కొందరికుంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మై విలేజ్ షో మొదలుపెట్టిన పిల్లలు ఊరి మాటల్లోనే మాట్లాడారు. గంగవ్వ గారు యాభై దాటిన వయసులో కెమెరా ముందుకొచ్చి, 2020లో బిగ్‌బాస్ దాకా పోయారు. అందరం గంగవ్వలం కాలేం, కానక్కర్లేదు కూడా. నాకు కావలసింది లక్షల మంది కాదు. నకిరేకల్ చుట్టూ నలభై కిలోమీటర్లలో బోరు ఉన్న రైతులు చాలు.

మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే, ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారిని తలుచుకోండి. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, ఒక్కో చీరకు తొమ్మిది వేల సార్ల దాకా చెయ్యి అటూఇటూ ఆడించాలి. తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పి చూడలేక, ఏళ్ల తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. తల్లి పేరే దానికి పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ రెండిటి మధ్య 18 ఏళ్లున్నాయి. ఊళ్లలో ఇటువంటి వాళ్లను వెతుక్కుంటూ కాలినడకన తిరిగే పల్లెసృజన లాంటి సంస్థ ఆయన గురించి పదిమందికి చెప్పింది. పని గొప్పదైనా, దాని గురించి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ రోజుల్లో మల్లేశం గారి చేతిలో వాట్సాప్ లేదు, అది పుట్టిందే 2009లో. ఈ రోజు మన అందరి చేతుల్లో ఉంది. మనం దానితో పూలబొమ్మలు పంపుకుంటున్నాం.

ఇక ఇప్పుడు చెప్పబోయేది మా బ్యాచ్ అక్క సంగతి. ఆమె అనుమతితోనే చెబుతున్నా, పేరు మాత్రం వద్దన్నది. మాతోనే పదో తరగతి చదివి, పుట్టపాక దిక్కు చేనేత ఇంటికి కోడలుగా పోయింది. ఇంటిల్లిపాదీ ఇక్కత్ చీరలు, దుపట్టాలు నేస్తారు. ఆ ప్రాంతపు తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలును రోజుల తరబడి నానబెట్టి పిండే పని అది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే ఆ గుర్తింపు ఉంది. అయినా "పోచంపల్లి" అని పేరు పెట్టి మిల్లు గుడ్డ మీద అచ్చు వేసిన చీరలు ఫోన్లో కుప్పలుగా అమ్ముడవుతున్నాయి. అచ్చు వేసినవాడు రోజుకు పది ఫొటోలు పెడతాడు. మగ్గం మీద కూర్చున్నవాళ్లకు ఫొటో తీసే తీరిక ఉండదు.

ఈ అక్క కాస్త ధైర్యం చేసి, ఒక అమ్మకాల సైట్లో చీరల ఫొటోలు పెట్టింది. ఒకడు ఫోన్ చేశాడు. సికింద్రాబాదులో మిలిటరీ అధికారినన్నాడు, ఐడీ కార్డు ఫొటో పంపాడు, క్యాంటీనుకు పన్నెండు చీరలు కావాలన్నాడు. బేరం కూడా ఆడలేదు. అక్కడే అనుమానం రావాలి, కాని అమ్మకం కాని సరుకు ఇంట్లో ఉన్నప్పుడు అనుమానం రాదు. "మా ఆఫీసు పద్ధతి ప్రకారం డబ్బు మీ ఖాతాలో పడాలంటే ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నాడు. మూడుసార్లలో 24,000 రూపాయలు పోయినయి. రెండు చీరల నూలు, రంగు, ముగ్గురి నెల కష్టం.

అక్క మాకు చెప్పింది ఇరవై రోజుల తర్వాత. "ఎందుకక్కా ఇన్నిదినాలు?" అంటే "మీరంత సదువుకున్నోళ్లు, ఇంత మొద్దుదా అనుకుంటరేమో అని" అన్నది. ఆ గ్రూపులో ఇంజనీర్లున్నారు, బ్యాంకు ఆఫీసరున్నాడు, పోలీసు శాఖలో పనిచేసే తమ్ముడున్నాడు. వెంటనే చెప్పి ఉంటే 1930కి ఫోను చేయించేవాళ్లం. డబ్బు ఇంకో ఖాతాకు, ఇంకో ఖాతాకు మారకముందే ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఉంటుంది. ఇక్కడున్న ప్రతి ఒక్కరూ ఈ నంబరు రాసుకోండి: 1930. ఇంకో మాట రాసుకోండి. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నాడంటే డబ్బు మన ఖాతా నుంచే పోతోంది.

నాకు అంతకంటే ఎక్కువ సిగ్గేసిన విషయం వేరే ఉంది. అంతకు ముందటి ఏడు మా అమ్మాయి పెండ్లికి హైదరాబాదులో పెద్ద షాపులో పదకొండు ఇక్కత్ చీరలు కొన్నాను. నాతో ఒకే బెంచీల వరుసలో చదివిన మనిషి ఇంట్లో మగ్గం ఉందని నాకు తెలియదు. నాలుగేళ్లుగా ఇద్దరం ఒకే గ్రూపులో ఉన్నాం. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

జాలిపడి చీరలు కొనడం మాకు ఇష్టం లేదు, ఆమెకు అసలే లేదు. ఒక ఆదివారం నలుగురం వాళ్లింటికి పోయాం. వాట్సాప్ బిజినెస్ యాప్‌ను ఇంటి నంబరుతో కాకుండా వేరే సిమ్ మీద వేశాం. అందులో క్యాటలాగ్ అని ఉంటుంది, సరుకు ఫొటోలు, ధరలు శాశ్వతంగా ఉంచుకోవచ్చు. పొద్దుటి ఎండలో, తలుపు దగ్గర, రంగు మార్చే ఫిల్టర్లేవీ లేకుండా ఒక్కో చీరకు రెండు ఫొటోలు తీశాం. ఒకటి ముందువైపు, ఒకటి వెనకవైపు. ఇక్కత్‌లో నూలుకే రంగు వేసి నేస్తారు కాబట్టి డిజైను రెండు వైపులా ఒకేలా కనపడుతుంది, అంచుల దగ్గర కొంచెం అలుకుకున్నట్టు ఉంటుంది. అచ్చు చీరకు చాలావరకు వెనకవైపు వెలవెలబోతుంది. ఆ రెండో ఫొటో పెట్టాలన్న ఆలోచన మాది కాదు, అక్కదే. "ఎనక జూస్తెనే ఎర్కయితది" అన్నది. కింద ధర, ఎన్ని రోజుల పని, ఎవరు నేశారో రాయించాం. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపినవి మన నంబరును సేవ్ చేసుకున్నవాళ్లకే చేరతాయి. అందుకని కొన్నవాళ్లందరినీ "నంబరు సేవ్ చేసుకోండి" అని అడగమన్నాం. ఇంత చిన్న విషయం తెలియక ఎంతమంది మెసేజులు గాల్లో పోతున్నాయో.

అద్భుతాలేమీ జరగలేదు. నెలకు నాలుగైదు చీరలు నేరుగా అమ్ముడవుతున్నాయి. మిగతావి ఎప్పటిలాగే షావుకారు దగ్గరికే పోతున్నాయి. కాని ఆ నాలుగైదు చీరల మీద మిగిలేది ఆ ఇంటికే మిగులుతోంది. షావుకారు దగ్గర కూడా ఇప్పుడు ధర మాట్లాడగలుగుతున్నామని వాళ్లాయన అన్నాడు.

షాపులున్న వాళ్లకు ఇంకో రెండు మాటలు. గూగుల్ మ్యాపులో మీ షాపు పెట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు. తెరిచే, మూసే వేళలు సరిగా పెట్టండి, షట్టరు ఫొటో పెట్టండి. హైవే మీద పోయేవాళ్లు కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర ఆగి ఫోన్లో వెతుకుతారు. మీరు అందులో లేకపోతే వాళ్ల లెక్కలో మీ షాపు లేనట్టే. ఇంకోటి, వీటిని నమ్ముకోండి గాని వీటి మీదనే ఇల్లు కట్టుకోకండి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. లక్షల మంది అభిమానులున్నవాళ్లకు తెల్లారేసరికి ఒక్కరు లేరు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ కలిసి ఆరు గంటల పాటు ఆగిపోయాయి. అది కిరాయి గది, తాళంచెవి ఇంకొకరి దగ్గరుంది. అందుకే నేను గిరాకీల పేర్లు, నంబర్లు, ఏ మోటారు, ఏ ఊరు అన్నీ పెద్ద నోటుబుక్కులో రాసుకుంటాను. మా అబ్బాయి నవ్వుతాడు. నవ్వనీ.

ఉద్యోగాలు వెతుక్కునే తమ్ముళ్లు, చెల్లెళ్లు నాకు పంపే మెసేజులు చూస్తుంటాను. "సార్, ఏదైనా జాబ్ ఉంటే చూడండి" అని. ఏదైనా అంటే నేనేం చూడను? నువ్వు ఏం చేయగలవు, ఏం చేసి చూపించావు, ఏ ఊళ్లో చేయగలవు, అది రాయి. కాలేజీలో చేసిన ప్రాజెక్టు ఫొటో అయినా సరే, నీ చేతులు అందులో కనపడితే చాలు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్న మనవాళ్లకు కూడా ఒక మనవి: జూనియర్ రాసినప్పుడు నమస్కారం బొమ్మతో సరిపెట్టకండి. ఆ మెసేజును అవసరమున్న ఇంకొకరికి పంపండి. నాకు పని దొరికింది అట్లా పంపినందుకే.

గ్రూపు విషయానికొస్తే, సంఘం పెద్దలతో మాట్లాడి ఒక ఏర్పాటు చేశాం. మన పూర్వ విద్యార్థుల గ్రూపులో ప్రతి శనివారం "అంగడి రోజు". ఆ రోజు ఎవరు ఏం అమ్మినా, ఏం పని చేయగలిగినా, ఏ పని కావాలన్నా ధరతో సహా రాయవచ్చు. నిమ్మకాయలు, పచ్చళ్లు, ట్యూషన్లు, ప్లంబింగు, ఏదైనా. మిగతా ఆరు రోజులు అమ్మకాలు వద్దు. రాజకీయాలు ఏడు రోజులూ వద్దు. మోసపోయినవాళ్లు మాత్రం ఏ రోజైనా, ఏ వేళైనా రాయవచ్చు, ఎవరూ ఏమీ అనకూడదు. పోలీసు శాఖ తమ్ముడు, బ్యాంకు తమ్ముడు ఇద్దరూ జవాబిస్తామని ఒప్పుకున్నారు. వాళ్లు అదిగో, ఆ కిటికీ దగ్గర ఉన్నారు. ఒకసారి చెయ్యెత్తండి.

భోజనాల తర్వాత పదో తరగతి గదిలో నేను కూర్చుంటాను. షాపు ఉన్నవాళ్లు, ఇంట్లో ఏదైనా తయారుచేసేవాళ్లు ఫోను, చార్జరు పట్టుకొని రండి. క్యాటలాగ్ ఎట్లా పెట్టాలో, మ్యాపులో షాపు ఎట్లా ఎక్కించాలో, రెండంచెల పిన్ ఎట్లా పెట్టుకోవాలో ఒక్కొక్కరితో కూర్చొని చేసి చూపిస్తాం. మా అబ్బాయి కూడా వచ్చాడు, నాకు రానివి వాడు చెబుతాడు. అక్క చీరలు వరండాలో బల్ల మీద ఉన్నాయి. ధరలు చీటీల మీద రాసి ఉన్నాయి. దయచేసి బేరం ఆడకండి.